మా కొత్త మందిరం, వాళ్ళ స్తంభం

ఫిబ్రవరి 11

మా ఆయన ప్రెసిడెంట్ అయ్యాడు. పక్క వీధిలో వేరే మతంవాళ్ళ ప్రార్థనామందిరాన్ని మావాళ్ళు కొన్నారు. అక్కడ నలుగురే మిగిలారట, నడపలేక అమ్మేశారు. దాన్ని మా మందిరంగా మార్చే కమిటీకి ఈయన పెద్ద. ఇంట్లో బల్బు మార్చాలంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచే మనిషి.

ఫిబ్రవరి 12

ఎవరు చెప్పారో ఏమో, మందిరానికి తీసుకెళ్ళమని పొద్దున్నుంచీ అమ్మ ఒకటే గొడవ. అమ్మ పుట్టింది ఆ మతంలోనే. పెళ్ళికి ముందు మా నాన్నవైపు తాత మతం మార్పించాడు. మళ్ళీ ఆ గడప తొక్కనివ్వలేదు. ఇప్పుడు అన్నీ మర్చిపోతోంది. నన్నోసారి అక్కా అంటుంది, ఓసారి పనిమనిషి అనుకుంటుంది. ఆ మందిరం మాత్రం గుర్తుంది. పోయేలోగా ఒక్కసారైనా తీసుకెళ్ళాలి.

ఆయన్ని అడిగాను. అత్తగారి పుట్టింటి సంగతి పొక్కితే కమిటీలో నా మొహం ఎక్కడ పెట్టుకోను అన్నాడు. ఎక్కడ పెట్టినా ఆ మొహమే కదా అనబోయి ఊరుకున్నాను.

ఫిబ్రవరి 27

పెయింట్ అయింది. పాతవాళ్ళ గుర్తులన్నీ గీకించేశారు. శుద్ధి పేరుతో నేలంతా సబ్బునీళ్ళు పోయిస్తే సెక్రటరీ జారి నడుం విరగ్గొట్టుకున్నాడు. అది పరాయి దేవుడి పనేనని అందరూ అన్నారట. సబ్బు పని అని ఒక్కడూ అనలేదు.

గుమ్మం దాటగానే ఉన్న రాతి స్తంభాన్ని కూడా పీకించమన్నాడట మా ప్రెసిడెంటుగారు. పీకితే కప్పు మీ నెత్తినే పడుతుంది అన్నాడట మేస్త్రీ. అలా బతికింది స్తంభం.

మార్చి 9

ప్రారంభం రోజు మావాళ్ళందరిలోకీ పెద్దావిడ చేత తొలి అడుగు వేయించాలని కమిటీ తీర్మానం. పెద్దావిడ ఎవరయ్యా అంటే, మా అమ్మ. ఈయన కక్కలేక మింగలేక ఇంటికొచ్చాడు. జ్వరమని చెప్పేద్దాం అన్నాడు. చెప్పు, ఆవిడ పుట్టిల్లు ఎక్కడో నేను మైకులో చెబుతాను అన్నాను. అన్నం తినకుండా పడుకున్నాడు. నేను తిన్నాను.

మార్చి 16, సాయంత్రం

గుమ్మం దాటగానే అమ్మ నా చెయ్యి వదిలించుకుంది. సరాసరి స్తంభం దగ్గరికెళ్ళి అరచెయ్యి ఆనించి, ఆ చేతిని ముద్దు పెట్టుకుని, నుదురు రాతికి ఆనించి నిలబడింది. పాతవాళ్ళు లోపలికి రాగానే చేసేది అదేనని అమ్మ ఎప్పుడో నాకు చెప్పింది. ఈయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

వెనకాల సెక్రటరీ భార్య ఉంది. పెద్దావిడ చేస్తే చెయ్యాలి కాబోలనుకుని తనూ స్తంభం తాకి చెయ్యి ముద్దు పెట్టుకుంది. ఆవిణ్ణి చూసి ఆవిడ కోడలు. ఆమెను చూసి మొత్తం జనం, వరసగా. గొర్రెలమంద అంటే గొర్రెలకి కోపమొస్తుంది. ఇదేం పద్ధతండీ అని మా గురువుగారు ఈయన్ని అడిగాడు. ఈయన గొంతు సవరించుకుని, ఇది మన పూర్వీకుల ఆచారమేనని, మధ్యలో మనమే మర్చిపోయామని చెప్పాడు. గురువుగారు కూడా వెళ్ళి నుదురు ఆనించాడు.

అమ్మ ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను. మా పెళ్ళయ్యాక ఈయన చెప్పిన అబద్ధాల్లో పనికొచ్చింది ఇదొక్కటే.

మార్చి 30

స్తంభానికి నమస్కరించి లోపలికి రావలెనని ఈయన బోర్డు కట్టించాడు. రోజూ అందరికంటే ముందు తనే చేస్తాడు, కళ్ళు మూసుకుని మరీ. అమ్మ పక్కనే కుర్చీలో కూర్చుని చూస్తూ ఉంటుంది.

ఏప్రిల్ 5

అంత భక్తిగా మొక్కుతున్నాడే, ఆ అబ్బాయి ఎవరని అడిగింది అమ్మ. నా మొగుడే అన్నాను. నా తల నిమిరి, పోనీలే తల్లీ, నువ్వైనా మనవాళ్ళని చేసుకున్నావు అంది.