దారం కొలతతో కొన్న బూట్లు

శ్రీవారికి నమస్కారాలు. ఇక్కడ అత్తయ్య, పాప, నేను ముగ్గురం కులాసా. కాళ్లు తప్ప మీరూ కులాసాగానే ఉన్నారని మీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను.

ముందు మీరడిగినవాటికి జవాబులు. పాప లెక్కల్లో గట్టెక్కింది. అత్తయ్య కళ్లజోడు మార్పించాను. నేను జారిపడ్డ బాత్‌రూములో టైల్స్ మార్పించావా అని అడిగారు. మార్పించలేదు, ఎందుకో తర్వాత రాస్తాను. బూట్లేమయ్యాయని నాలుగోసారి అడిగారు. వస్తున్నా, అక్కడికే వస్తున్నా.

అసలు మీతో ఎలా వేగాలండీ? కొండల్లో సర్వే పనికి బూట్లు కావాలన్నారు, సరే. పాదం కొలత పంపమంటే దారం ముక్క పంపారు! ఇరవై ఏళ్లుగా బట్టలు కుడుతున్నదాన్ని, మనిషిని చూసి నడుము కొలత చెప్పగలను. దారం చూసి పాదం ఎలా చెప్పను? పైగా పొద్దున్నే మంచం మీద కూర్చుని ఒక కాలు కొలిచానని గొప్పగా రాశారు. అది విని దుకాణంలో అమ్మాయి పగలబడి నవ్వింది.

"అక్కా, నడిచే మనిషి పాదం సాయంత్రానికి ఉబ్బుతుంది. అప్పుడు నిలబడి రెండు కాళ్లూ కొలవాలి. పెద్దకాలికి సరిపోయేవి కొనాలి."

"మా ఆయనకి రెండూ ఒకటే."

"ఎవరికీ ఒకటి కావక్కా."

మీ పరువు కాపాడబోతే నా పరువు పోయింది. ఇక మీ షరతులు! బరువుండకూడదు, గట్టిగా ఉండాలి, మెత్తగానూ ఉండాలి, నీళ్లు దూరకూడదు. నీళ్లు దూరని బూట్లలోకి పైనుంచి నీళ్లు పడితే బయటికీ పోవని ఆ అమ్మాయే చెప్పింది. అద్దె ఇల్లు వెతికినప్పుడు కూడా మీరిన్ని అడగలేదు.

చివరికి ఆ దారం కొలతకే ఒక జత తెచ్చాను. అత్తయ్య చూసి, "మీ ఇద్దరి పాదాలూ ఒకటేగా, నువ్వే ఓసారి తొడిగి చూడు. బిగుతైతే వాడు మన ప్రాణాలు తోడేస్తాడు" అన్నారు. తొడుక్కుని వీధి చివరిదాకా నడిచాను. బాగానే ఉన్నాయి. మర్నాడు పార్సిల్ చేద్దామనుకున్నాను.

చేయలేదు. ఇకముందు రాసేది మీకు నచ్చదు, అయినా రాయక తప్పదు.

ఎలాగూ కొండల్లో తిరగడానికేగా, ఒకసారి కొండమీదే చూసి పంపుదామని ఊరి వెనక దారెక్కాను. సగం దూరంలో ఒక రాయి మీద కూర్చున్నాను. మిషను చప్పుడు లేదు. "నా బట్టలయ్యాయా?" అని తలుపు కొట్టేవాళ్లు లేరు. ఎన్నాళ్లకో నా ఊపిరి నాకు వినబడింది. ఆ వారమే మళ్లీ వెళ్లాను. తర్వాత రోజు విడిచి రోజు. నెల తిరిగేసరికి కాలిబాట వెంట చిన్నగా పరుగు కూడా మొదలుపెట్టాను. నలభై రెండేళ్లదాన్ని, నవ్వకండి.

మీకేమో దుకాణంలోకి సరుకు రాలేదని రాశాను. మీరు నమ్మారు. పాత బూట్లతోనే తిరుగుతున్నాను, బొటనవేలి గోరు ఊడిందని రాశారు. ఆ ఉత్తరం చదివి, మడిచి సొరుగులో పెట్టి, మీ బూట్లు వేసుకుని కొండకే వెళ్లాను.

ఆ రోజే పడ్డాను. బాత్‌రూములో కాదు. టైల్స్ తప్పేమీ లేదు పాపం. వాలు దిగుతుంటే పాదం బూటులో ముందుకు జారి వేళ్లు కొసకి కొట్టుకున్నాయి. ప్రాణం పోయినట్టయి అడుగు తడబడింది, చీలమండ బెణికింది. గంటసేపు అక్కడే కూలబడ్డాను. దారి బాగుచేసే పెద్దాయన వచ్చి లేపి నిలబెట్టాడు.

"మగవాళ్ల బూట్లలా ఉన్నాయే, ఎవరివమ్మా?"

"మా ఆయనవి."

"మరి ఆయనేం వేసుకున్నాడు?"

ఆయన మామూలుగానే అడిగాడు. నాకు ఏడుపొచ్చేసింది. నొప్పికి ఏడుస్తున్నాననుకుని కింద వరకూ చేయి పట్టుకుని దింపాడు.

అత్తయ్యకు మొదటినుంచీ అంతా తెలుసు. "వాడికి నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?" అని నిన్న నిలదీశారు. కాలు నేలమీద ఆనగానే దుకాణానికి వెళ్లి మీకు ఒక సైజు పెద్దవి కొన్నాను. ఈ ఉత్తరంతోపాటే వస్తున్నాయి. సాయంత్రం పూట, మందపాటి మేజోళ్లు వేసుకుని తొడగండి. వేళ్ల ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. మడమ లేవకూడదు. ఏదైనా వాలు దిగి చూసి, వేళ్లు తగిలాయో లేదో ఉన్నదున్నట్టు రాయండి. సర్దుకుంటాయిలే అని మాత్రం రాయకండి, మీ సర్దుబాట్లతో నాకు విసుగొచ్చింది.

తిట్టండి, పడతాను. మీ గోరు ఊడినందుకు ఎన్ని తిట్టినా తక్కువే. కానీ కొండకి వెళ్లడం మానమని రాయకండి. నాకూ ఒక జత కొన్నాను, నా కొలతకి. మానమని రాస్తే ఆ ఉత్తరమూ పూర్తిగా చదువుతాను, అందలేదని అబద్ధం చెప్పను. చదివాక బూట్లు తొడుక్కుంటాను.

ఇట్లు,
ఇంకా కొంచెం కుంటుతున్న
మీ ఇల్లాలు