పడక సైకిల్, కోబా పెద్దమ్మ కొవ్వొత్తి

నైమేగన్, మంగళవారం

ప్రియమైన కోబా పెద్దమ్మకు,

ఈ ఉదయం నా చొక్కా చేతి మడతలో ఒక గడ్డిపువ్వు దొరికింది. నిన్న పడినప్పుడు చిక్కుకున్నట్టుంది. నీకు చెప్పనేలేదు కదూ, వారం నుంచి నేను పడుకునే ఉంటున్నాను. వౌటర్ దగ్గరుండి చూసుకుంటున్నాడు. వీపు పూర్తిగా వాల్చాలట, కాళ్లు చాపాలట, భయపడకూడదట. పడినా ఫరవాలేదు, నేల చాలా దగ్గర.

నీ
జోసీన్

తా.క. నీ పుట్టినరోజుకు తప్పకుండా వస్తాను. మీ ఊరిదాకా పడుకునే వస్తాను.

ఆర్సెన్, గురువారం

తల్లీ జోసీన్,

నీ ఉత్తరం చదువుతూనే కూలబడ్డాను. నేల దగ్గరైందని రాసే వయసా నీది? పరుగున వెళ్లి సెయింట్ లిడ్వినాకు కొవ్వొత్తి వెలిగించాను. ఆవిడా మంచు మీద జారిపడి బతుకంతా మంచంలోనే ఉంది పాపం. నా పుట్టినరోజుకు స్ట్రెచర్ మీద ఎవరు రమ్మన్నారే నిన్ను? బఠాణీ సూపు పంపుతున్నాను. ఆ డాక్టరు వౌటర్‌కూ కాస్త పెట్టు.

తుంటి విరిగినప్పటి నుంచి నాకు సైకిలంటే గుండె దడ. ఇక ఎక్కను. నువ్వు లేచి తిరగ్గానే నా సైకిల్ నీదే.

నీ పెద్దమ్మ
కోబా

తా.క. ఫాదర్ ప్రార్థనలో నీ పేరు చదివారు. ఇంటిపేరు తప్పు చదివారు. పైవాడికి తెలుస్తుందిలే.

నైమేగన్, సోమవారం

పెద్దమ్మా,

కంగారుపడకు, నిక్షేపంలా ఉన్నాను. వౌటర్ డాక్టరు కాదు, మా లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు కుట్టే అబ్బాయి. నిన్న మధ్యాహ్నమంతా ఇద్దరం నది గట్టు మీద పడుకున్నాం. ఎంత హాయో! దారిన పోయేవాళ్లంతా చేతులూపారు. ఒక తాతయితే టోపీ తీశాడు.

జోసీన్

తా.క. మొదట్లో మెడ పట్టేసింది. ఇప్పుడు అలవాటైపోయింది.

ఆర్సెన్, బుధవారం

జోసీన్,

గట్టు మీద! పట్టపగలు! ఆదివారం పూట! అన్నేళ్లు సిస్టర్ల దగ్గర చదివి నేర్చుకున్నది ఇదా? ఆ టోపీ తాత ఎవరో గానీ సిగ్గులేనివాడు. కొవ్వొత్తి ఆర్పేసి వచ్చాను. ఆ అబ్బాయిని వెంటబెట్టుకుని రా. ఇద్దరూ నిలబడి రండి.

కోబా

తా.క. చెర్రీ టార్టు తింటాడా?

నైమేగన్, శుక్రవారం

పెద్దమ్మా,

నీ ఉత్తరం విని వౌటర్ బల్ల కింద దూరి మరీ నవ్వాడు. నేను సిగ్గుతో పుస్తకాల అలమర వెనక్కి వెళ్లి నిలబడ్డాను. పడుకోవడమంటే పడక సైకిల్ తొక్కడం! మా సైకిల్ క్లబ్బులో అందరూ అలాగే అంటారు. వెనక్కి వాలి కూర్చుని, కాళ్లు ముందుకు చాపి తొక్కుతాం. పడితే తలకిందులుగా ఎగిరిపడం. మోకాలెత్తు నుంచి పక్కకు ఒరుగుతాం. మోచెయ్యి గీసుకుంటుంది. ఒరిగేటప్పుడు మాత్రం కాలు నేలకు ఆన్చకూడదు, కదిలే సైకిల్ దాన్ని సీటు కిందికి లాగేసుకుంటుంది. నేను అదీ చేసి చూశాను. ఎముకలన్నీ ఉన్నాయి.

నీ పుట్టినరోజుకు ఇద్దరం వస్తున్నాం. నీ తుంటికి ఒరగడం కూడా వద్దని వౌటర్ మూడు చక్రాల పడక తెస్తున్నాడు. తోట చుట్టూ ఒక్కసారి తిరిగి చూడు.

నీ
జోసీన్

తా.క. టార్టు తింటాడు. కొవ్వొత్తి మళ్లీ వెలిగించు. నీ సైకిల్ మాత్రం నాకు వద్దు. ఇన్నేళ్లూ స్టేషను నుంచి మీ గేటుదాకా సైకిల్ చేత్తో పట్టుకుని నడిపించుకుంటూనే వచ్చాను. నాకు మామూలు సైకిల్ తొక్కడం రాదు.