ఈశాన్యం గది

జనవరి 18

ప్లాను వచ్చింది. ప్రసాద్ స్వయంగా తెచ్చి ఇచ్చాడు — వసుంధర చేతికి. స్థలం మా నాన్న నాకిచ్చిన కొండవార జీడితోట. ప్లాను మాత్రం నా పెళ్ళాం చేతికి.

ప్రసాద్ ఆవిడ మేనత్త కొడుకు. బావ. టెక్కలిలో ఇళ్ళ ప్లాన్లు గీస్తాడు. వరసకి నాకు తమ్ముడవుతాడు కాబట్టి "అన్నయ్యా" అంటాడు. ఆ పిలుపు వింటే ఒళ్ళు మండుతుంది. చిన్నప్పుడు వాళ్ళిద్దరికీ పెళ్ళి అనుకున్నారని, జాతకాలు కుదరలేదని, మా పెళ్ళయిన వారానికే ఎవరో పుణ్యాత్మురాలు నా చెవిన వేసింది.

జనవరి 19

మళ్ళీ చూశాను. పడమర కొండ, తూర్పున కింద రోడ్డు. రోడ్డు మట్టంలో, ఈశాన్యం మూల, ఆవిడ హోమియో గది. రెండు కిటికీలు. బయట రోగులకి అరుగు. మెట్లెక్కితే వంటిల్లు, అమ్మ గది, మా గది. నేను పేపర్లు దిద్దుకోడానికి ఏమీ లేదు. క్లినిక్ వెనక చిన్న గది ఒకటుంది, దానికి పేరు రాయలేదు. మందులకేమో. సీసాలకి గది ఉంది, సైన్సు మాస్టారికి లేదు.

జనవరి 22

ఈ అద్దె ఇంట్లో తెల్లారేసరికి నా మంచం మీద రోగులు. ఈవేళ ఒకాయన నా తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. బడి నుంచి వచ్చి కాఫీ అడిగితే, ఒక్క నిమిషం అంటుంది. లోపల ఎవరిదో దురద కథ అరగంట వింటుంది — ఎండలో ఎక్కువా, నీడలో ఎక్కువా, రాత్రి కలలేమొస్తాయి...

నా కలల గురించి ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.

జనవరి 26

జెండా ఎగరేసి ఇంటికొచ్చేసరికి ప్రసాద్ మా వంటింట్లో ఉప్మా తింటున్నాడు. పక్కన ప్లాను. వేలితో చూపిస్తూ — "ఏటే వసూ, నీది ఎడం సెయ్యి వాటం గదా. కుర్సీ ఇటేపు ఏసుకుంటే మందులందుతాయి."

ఆవిడ నవ్వింది. పొద్దుట్నించీ నవ్వని మనిషి.

ఎడం చెయ్యి వాటమని నాకూ తెలుసు. కుర్చీ సంగతి తట్టలేదు, అంతే.

వసూ అట. నేనెప్పుడూ అలా పిలవలేదు. ఒకసారి పిలిచాను, మనసులో.

జనవరి 29

సిద్ధాంతిగారింటికి వెళ్ళాను. ఒక్కణ్ణే. ఈశాన్యంలో రోగుల్ని కూర్చోబెట్టొచ్చా అని అడిగాను. వద్దనిపించుకోడానికే అడిగానని ఆయనకి నా గొంతులోనే తెలిసుంటుంది. ప్లాను చూశారు, నన్ను చూశారు. "దేవుడి మూల కదా మాస్టారూ" అన్నారు. వాయవ్యానికి మార్చుకోమన్నారు.

వాస్తు అంటే పిల్లల ముందు నవ్వే మనిషిని నేను.

జనవరి 30

రాత్రి భోజనాల దగ్గర అమ్మ ముందు ఆ మాట వదిలాను. అమ్మ కంచం పక్కకి జరిపేసింది. "ఈశాన్నంలో రోగాలేటిరా? కట్టేది ఇల్లా, ఆస్పత్రా?"

వాయవ్యమంటే పైన, కొండ వైపు. మెట్లన్నీ ఎక్కాలి. వసుంధర అంతా విని ఒకటే అడిగింది, మోకాళ్ళ నొప్పులవాళ్ళు అంత పైకెలా వస్తారని. లేచి చెయ్యి కడుక్కుంది.

ప్రసాద్ గీత చెడింది. హాయిగా ఉంది. ఇంకో గరిటె పెరుగు వేయించుకున్నాను.

ఫిబ్రవరి 2

మాట్లాడటం లేదు. కోపమా అంటే, లేదంటుంది.

ఫిబ్రవరి 4

కొంప మునిగింది.

ఇంట్లో క్లినిక్కే వద్దట. టెక్కలిలో గది చూసుకుందట. మెట్లు లేవు, బస్టాండుకి దగ్గర. ఎవరిదని అడిగాను, తెలిసే. ప్రసాద్ ఆఫీసు కింద వాటా. పొద్దున్నే బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టాకే ఇంటికి.

"అత్తయ్యకీ ఇబ్బందుండదు. మీ మంచమూ ఖాళీగా ఉంటాది."

నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

ఫిబ్రవరి 5

ఆ వాటా తలుపు నీలం రంగు. బస్సులోంచి చూశాను. ఇంకో బస్సెక్కి వెనక్కి వచ్చి మళ్ళీ చూశాను.

ఫిబ్రవరి 8

మళ్ళీ సిద్ధాంతిగారు. వైద్యం కూడా దైవకార్యమే, ఆ మూల ఉన్నా తప్పు లేదు — ఇలా కూడా చెప్పగలరట. ముందే చెప్పొచ్చుగా అంటే, "మీరు అలా అడగలేదు మాస్టారూ" అన్నారు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. నమ్మలేదు. ఒకే నోటితో రెండు మాటలు ఆయనెందుకు చెప్తాడని నా మొహంలోకి చూసింది. గేదెకి కుడితి పెట్టాలని పెరట్లోకి పోయాను. గేదెని అమ్మేసి ఏడాదైంది.

ఫిబ్రవరి 10

సిగ్గు విడిచి ప్రసాద్ దగ్గరికి వెళ్ళాను. పాత ప్లానే ఉంచమన్నాను. ఎందుకని అడగలేదు. టీ తెప్పించాడు.

"ఉంచుతాను అన్నయ్యా. నీ గది మాత్రం తీయించీకు."

నా గదేంటన్నాను.

"ఎనకాల సిన్నది. వసూయే అడిగి పెట్టించింది. మా ఆయన గడియకోసారి తొంగి సూడకపోతే ఉండలేరు, పక్కనే గదేసి మజ్జిన తలుపెట్టు అంది."

పేరెందుకు రాయలేదని అడిగాను. నా చేత్తోనే నన్ను రాయనిద్దామందట.

టీ చల్లారిపోయింది. బస్సులో నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మా ఊరు కోటబొమ్మాళిలో దిగేసరికి మళ్ళీ మంట — ఆ మాట నాతో అనకుండా వాడితో ఎందుకంది?

ఫిబ్రవరి 11

అమ్మకి నిజం చెప్పేశాను. సిద్ధాంతి చేత నేనే అనిపించానని.

"కుళ్ళు నీ కడుపులో ఉంటే ఈశాన్నం ఏటి సేస్తాదిరా? నాకు కాదు, దానికి సెప్పు."

రేపు చెప్తాను.

ఫిబ్రవరి 12

రేపు.

ఫిబ్రవరి 13

సగం చెప్పాను. ఈశాన్యంలో దోషం లేదట అన్నాను. మందు పొట్లాలు కడుతోంది, తలెత్తలేదు. "మరి మొదట ఉందన్నదెవరు?"

సిద్ధాంతిగారు అన్నాను.

అప్పుడు చూసింది. దురద ఎప్పుడు మొదలైందో చెప్పని రోగిని అలాగే చూస్తుంది, ఓపిగ్గా. ఇంకో నిమిషం ఉంటే చెప్పేసేవాణ్ణే. పేపర్లు దిద్దాలని లేచిపోయాను. నీలం తలుపు తాళంచెవి ఆవిడ సంచిలో ఉంది.

ఫిబ్రవరి 15

రేపు ముగ్గు పోస్తారు. గోడలు ఎక్కడ లేస్తాయో ముందు నేల మీద ముగ్గుతో గీత పడాలి, గీత పడ్డాక మారిస్తే అమ్మ ఊరుకోదు. తొలి పిడికెడు కోడలే పొయ్యాలంది. వసుంధర సరేనంది. పొద్దున టెక్కలిలో ఎవరినో చూడాలట, వేళకి వచ్చేస్తుందట.

ఫిబ్రవరి 16

డైరీ సంచిలో వేసుకొచ్చాను. జీడిచెట్టు కింద రాతి మీద కూర్చుని రాస్తున్నాను. కొండ మీంచి గాలి, కాగితం నిలవడం లేదు. సిద్ధాంతిగారు ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్నారు. పళ్ళెంలో ముగ్గు అలాగే ఉంది. అమ్మ నావైపు చూడటం లేదు.

మేస్త్రి దారాలు కట్టేశాడు. ఈశాన్యం దగ్గర ఆగాడు. "ఈ సిన్నగదికి తలుపు ఏ పక్క మాస్టారూ?"

డాక్టరమ్మని రానీ అన్నాను. ఆవిడ రాగానే, పిడికెడు పొయ్యకముందే, అందరి ముందూ చెప్పేస్తాను. మాటలు కూడా అనుకున్నాను... మూడుసార్లు.

ఇప్పుడు బస్సేదీ లేదు. కింద రోడ్డు మీద మోటారు సైకిలు చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. ప్రసాద్ బండి. మలుపు తిరిగితేగాని వెనక ఎవరైనా ఉన్నారో లేదో కనపడదు.

ఉంటే ఒళ్ళు మండుతుంది.

లేకపోతే —