రెండు వేళ్ల సందు

ఏమండీ,

మీరు పోయి ఈవేళ్టికి ఏడాది. యుద్ధం రోజుల్లో మేకులు దొరక్క మీరు చెక్కచీలలు కొట్టి చేసిన చక్రాల కుర్చీలోనే మన అమ్మాయి సత్యవతి కూర్చుంటోంది. ముందుకు వాలిపోకుండా పెట్టిన అడ్డచెక్కకీ పిల్ల పొట్టకీ మధ్య రెండు వేళ్ల సందే ఉండాలనేవారు. ఇప్పుడక్కడ నా పిడికిలి పడుతోంది. పిల్ల అంత చిక్కిపోయింది.

పొద్దున్న మీ తమ్ముడు బెల్లం బళ్ల పని ఆపుకుని, రంపం పట్టుకుని వచ్చాడు. కొత్త అడ్డచెక్క కోసిపెట్టమన్నాను. సందులో చెయ్యి పెట్టి చూశాడు. రంపం సంచిలో పెట్టేశాడు.

"ఎన్నాళ్లకని కొత్తది, ఒదినా? గుడ్డెట్టు, సాలు," అన్నాడు, నా మొహం చూడకుండా.

కసిరి పంపించేశాను. ఆ తర్వాత నేనే మీ పంచె చింపి, మడతపెట్టి ఆ సందులో దూర్చాను.

ఇప్పుడు రెండు వేళ్లే పడుతున్నాయి.