పసుపు డ్రమ్ము లేని చోట

చిన్నోడా,

అమ్మ దీవెనలు. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. మీ నాన్నకు మోకాలి నొప్పి తగ్గి, మళ్ళీ కుట్టు మిషను తొక్కుతున్నారు. నువ్వూ వేళకు తింటూ బాగున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒళ్ళు మండింది, రెండోసారి మీ నాన్నకు వినిపించడానికి చదివాను. "ఇన్నేళ్ళు గుండీలు కుట్టుకున్నదానివి, ఈ వయసులో లారీ ఎందుకమ్మా, మానెయ్" అని రాశావు. మానను. ముందే చెప్పేశాను కాబట్టి మిగతాది తీరిగ్గా చదువుకో.

మామయ్య నీకు చేరవేసిన మాట నిజమే. డ్రైవింగ్ సర్టిఫికెట్ చేతిలో ఉండి కూడా లారీలో పక్క సీట్లో కూర్చున్నాను. ఎందుకని అడిగావు కదా, విను.

ఆ డ్రైవింగ్ స్కూల్లో నెల రోజులూ ఖాళీ లారీయే. రోజుకు పది నిమిషాలు, అదీ మైదానంలో, మాస్టారి కాలు ఆయన వైపున్న రెండో బ్రేకు మీదే. వెనక్కి తీయడం ఎలా నేర్పారనుకున్నావు? మూలన ఒక పసుపు డ్రమ్ము ఉంటుంది. అది అద్దంలో కనబడగానే స్టీరింగ్ ఒకటిన్నర చుట్లు తిప్పాలి. అంతే! పరీక్షా అక్కడే, డ్రమ్మూ అక్కడే. నేను మొదటిసారే పాసయ్యానని నీకు గొప్పగా రాశాను కూడా.

నీకు రాయనిది ఒకటుంది. గోడౌనులో డ్రైవరుగా నా మొదటి రోజు, బండి నిండా సిమెంటు బస్తాలు. సరుకు దించే అరుగు దగ్గరకు వెనక్కి తీయమన్నారు. అద్దంలో చూశాను. డ్రమ్ము లేదురా. అలవాటు కొద్దీ ఒకటిన్నర తిప్పేశాను. బరువు మీదున్న బండి నేను బ్రేకు తొక్కినా వెంటనే ఆగలేదు. కేకలు వినబడ్డాయి. దిగి చూస్తే వెనక చక్రం కింద ఒక హమాలీ చెప్పు నలిగి ఉంది. ఆయన అరుగు మీదకు గెంతి బతికాడు. ఆ చెప్పులో కాలు ఉండుంటే?

"ఇంటికెళ్ళమ్మా, ఇది ఆడవాళ్ళ పని కాదు" అన్నాడు మేనేజరు.

"ఆడా మగా సంగతి కాదు సార్. నాకు రాదు, నేర్పండి. ఆ స్కూలు నుంచే వచ్చిన మీ మగ డ్రైవర్లిద్దరికీ రాదు. కావాలంటే తీయించి చూడండి" అన్నాను. తీయించాడు. ఒకడు బండిని గోడకు గీకించాడు, ఇంకొకడు అరుగు చేరనేలేదు. ముగ్గుర్నీ పాత డ్రైవర్ల పక్కన కూర్చోబెట్టాడు.

నాకు దొరికిన పెద్దాయనకు ముక్కు మీద కోపం. వెనక్కి తీసే ముందు ప్రతిసారీ నన్ను దింపి బండి చుట్టూ నడిపిస్తాడు. "అద్దంలో కనబడనిదే కొంప ముంచుతుంది, దిగి చూడు" అంటాడు. మూడు నెలలు తిట్లు తింటూ నడిచాను.

పోయిన ఆదివారం ఆ స్కూలుకెళ్ళి, మాస్టారు వద్దు వద్దంటున్నా వినకుండా, డ్రమ్మును గేటు అవతలికి దొర్లించి వచ్చాను. మళ్ళీ పెడితే మళ్ళీ దొర్లిస్తాను.

మొన్న పెద్దాయన తాళం నా చేతికిచ్చాడు. నిండు బండి, అదే అరుగు. చుట్టూ నడిచొచ్చి ఎక్కాను. అద్దంలో చూస్తే సైగ చేయడానికి నిలబడ్డది ఆ హమాలీయే! "అన్నా, మీరొద్దు, ఇంకెవర్నైనా పిలవండి" అన్నాను.

"నా చెప్పు తిన్న బండి, నేనే చూసుకుంటాలే అక్కా. రానీ... రానీ..."

రానిచ్చాను. అరుగుకు జానెడు దూరంలో ఆపాను. అద్దంలో చూస్తే, ఆయన నిలబడ్డ చోటు నుంచి అంగుళం కదల్లేదు.

ఇట్లు,
లారీ వెనక్కి తీయడం వచ్చిన
మీ అమ్మ