మేనేజర్ కప్పిన శాలువా

మహబూబాబాద్, గురువారం

గుండెకు స్టెంటు వేసి నెల కాలేదు. డాక్టర్ రాసిన ఈఎస్ఐ సెలవు ఇంకా పది రోజులుంది. ఈలోపే మిల్లు మేనేజర్ ఇంటికొచ్చి దండ వేసి, శాలువా కప్పి, నాతో ఫొటో దిగాడు. ఆ వెంటనే రాజీనామా కాగితం తీశాడు.

"యాభై ఆరేండ్లొచ్చినయ్ కదనే అన్నా, ఇగ ఆరాం చెయ్. ఈడ సంతకం పెట్టు."

"జబ్బు సెలవుల ఉన్నోన్ని తీసెయ్యొద్దని చట్టం ఉన్నది సార్. గందుకే నాతోని రాయించుకుందామని వచ్చిండ్రు," అన్నాను. పెన్ను ముట్టలేదు.

సెలవయ్యాక పోతే కావాలని బస్తాలు మోసే పనిలో వేస్తారేమో. నాకూ లోపల గుబులుగానే ఉంది...

దండను మేక తినేసింది. శాలువా మాత్రం దాచాను. సెలవు అయిపోగానే మొదటి షిఫ్టుకు అదే కప్పుకుని వెళ్తాను.