ఇంటర్వెల్ తర్వాతి సినిమా

బడే సాహెబ్ మావయ్యకి నమస్కారాలు.

పోయిన ఆదివారం రేపల్లెలో మన యువజన సంఘం గదిలో మీరు చూస్తున్న సినిమాని సగంలో ఆపించింది నేనే. మన సంఘం కుర్రాడు బాబీ నేను చెబితే టీవీ కట్టేశాడంతే. "ఈ నలుపు తెలుపు హత్యల సినిమాలతో జనానికి చైతన్యం వస్తుందా?" అని అరిచాను. "మనకి ఇంటర్వెల్ దాకానే రాసిపెట్టుందిలే అబ్బాయ్" అని మీరు నవ్వి లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ సంఘం గడప తొక్కలేదు.

ఆ మాట నిన్న మీ అమ్మాయి ఆసియా అక్క చెబితేగాని అర్థం కాలేదు. ఒకే ప్రింటుతో తెనాలిలోనూ రేపల్లెలోనూ ఆట నడిపే రోజుల్లో, ఇంటర్వెల్ కాగానే అప్పటిదాకా ఆడిన రీళ్ళు ఎత్తుకుని రెండో ఊరి హాలుకి పాసింజరు రైలెక్కేది మీరేనట. "నాన్న ఇరవై ఏళ్ళు మోశాడు. ఒక్క సినిమాకీ ముగింపు చూడలేదు" అంది.

సిగ్గేసింది. ఈ ఉదయం అదే చానెల్లో ఆ సినిమా మళ్ళీ వేస్తే ఒక్కణ్ణే కూర్చుని చూశాను. మావయ్యా, రంగుల్లేవు, ఉపన్యాసాల్లేవు. కిటికీ చువ్వల నీడ ఆ షావుకారు మొహం మీద పడగానే, వాడింకా నోరు విప్పకముందే వాడి పాపమంతా కనపడింది! నేను చదివిన కరపత్రాలన్నీ కలిపినా అంత చెప్పలేదు. చివరి పది నిమిషాలూ ఊపిరి తీసుకోవడం మర్చిపోయాను. ఏం జరిగిందో మాత్రం రాయను, అది మీరే చూడాలి.

ఈ ఆదివారం సాయంత్రం నాలుగింటికి మళ్ళీ వస్తుంది. కుర్రాళ్ళందరికీ కబురు పెట్టాను. ఆసియా అక్కని తీసుకుని మూడున్నరకే రండి. మీరు కూర్చున్నాకే మేమంతా కూర్చుంటాం.